మిషనరీల యింట డార్విన్

క్రైస్తవ మిషనరీలను గూర్చి మనకు పరిచయమైన కథ యొక్కటే. దొరగారు ఓడ దిగి మన దేశమునకు వచ్చును. మన భాష నేర్చుకొనును. బడి పెట్టును, వైద్యశాల పెట్టును, ప్రార్థనామందిరము కట్టించును. మనము ఆయనను చూడబోవుదుము. లేదా ఆయనయే మన వీథికి వచ్చును. ఈనాడు నేను చెప్పబోవు కథలో చూడబోయినవాడును దొరయే. దూరదేశములందు తిరుగుచు, అచ్చట స్థిరపడిన తన దేశపు మిషనరీల యిండ్లకు అతిథిగా పోయి, వారి పనిని కన్నులార చూచి, తన యభిప్రాయమును పత్రికకు వ్రాసి పంపిన యొక యువకుని కథ యిది. ఆ యువకుని పేరు చార్లెస్ డార్విన్.

జీవపరిణామ సిద్ధాంతమును ప్రకటించి, అనేక మతాచార్యుల ఆగ్రహమునకు గురియైన డార్వినే యితడు. ఇట్టివాడు ఇరువదియేడేండ్ల ప్రాయమున మిషనరీల పక్షమున బహిరంగముగా సాక్ష్యము పలికెనని వినిన ఆశ్చర్యము కలుగకపోదు. ఆ సాక్ష్యము నిజాయితీ గలది. ఐనను అది అతిథి పలికిన సాక్ష్యము. ఒకరి యింట భోజనము చేసినవానికి ఆ యింటిలో ఏది కనబడును, ఏది కనబడదు? నా ప్రసంగమంతయు ఈ ప్రశ్న చుట్టు తిరుగును.

1831వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన బీగిల్ అను ఓడ ఇంగ్లండు తీరమును విడిచెను. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్ర ముగించుకొని చెన్నపట్టణము చేరిన సంవత్సరమే అది. ఆయన యాత్ర పదునైదు నెలలలో ముగిసినది. డార్విన్ యాత్రకు దాదాపు ఐదేండ్లు పట్టినది. ఓడకు కెప్టెన్ రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. వయసు ఇరువదియారు, దైవభక్తి మెండు, కోపము అంతకంటె మెండు. డార్విన్ కేంబ్రిడ్జిలో చదివి, ఏ పల్లెటూరిలోనో చర్చి గురువుగా కుదురుకొనవలెనని తలచినవాడు. దారిలో రాళ్లు, పురుగులు, పిట్టలు పోగుచేయుట అతని వ్యసనము.

ఆ ఓడలోనే ఒక మిషనరీ కూడ ఉండెను. పేరు రిచర్డ్ మాథ్యూస్. అతడేల ఎక్కెనో చెప్పుటకు కొంచెము వెనుకకు పోవలెను. అంతకు ముందటి యాత్రలో ఫిట్జ్‌రాయ్ దక్షిణ అమెరికా కొనయందలి టియర్రా డెల్ ఫ్యూగో తీరమున నుండగా, అక్కడివారు ఓడకు సంబంధించిన పడవ నొకదానిని అపహరించిరి. అతడు కొందరిని జామీనుగా పట్టుకొనెను. పడవ దొరకలేదు గాని, చివరకు నలుగురు ఫ్యూజియనులు ఓడలో మిగిలిరి. 1830లో వారిని ఇంగ్లండునకు తీసికొనిపోయెను. ఒకడు మశూచికము సోకి మరణించెను. మిగిలిన మువ్వురలో ఒక బాలుని పేరు జెమ్మీ బటన్. బటన్ అనగా గుండీ. ముత్యపుచిప్ప గుండీ యొకటి యిచ్చి వానిని పుచ్చుకొనిరట. అందుచేత ఆ పేరు. లండను చేరువనున్న వాల్థమ్‌స్టో బడిలో వారికి ఇంగ్లీషు, తోటపని, క్రైస్తవ ధర్మము నేర్పిరి. రాజుగారికి, రాణిగారికి చూపించిరి. మరల స్వదేశమునకు పంపుచు, వారికి తోడుగా, ఆ దేశమున మతమును నాటుటకై మాథ్యూస్‌ను పంపిరి. పుణ్యాత్ములైన దాతలు అతనికి ఇచ్చిన సామగ్రిలో వైను గ్లాసులు, టీ పళ్లెములు, సూపు పాత్రలు, తెల్లని నారబట్టలు ఉండెను! వానగాలులలో దిగంబరులై తిరుగు జనుల నడుమ కాపురము పెట్టబోవువానికి ఇవి యేల అని డార్విన్ నవ్వుకొనెను.

1833 జనవరిలో ఊలాయా అను చోట మూడు గుడిసెలు వేసి, తోట త్రవ్వి, విత్తులు నాటి, మాథ్యూస్‌ను అక్కడ దింపిరి. ఫిబ్రవరి 6వ తేదీన ఓడవారు తిరిగి వచ్చి చూచునప్పటికి తోట త్రొక్కబడియున్నది. సామాను చాలభాగము పోయినది. గుంపులుగా వచ్చి రేయింబవళ్లు చుట్టుముట్టినవారు ఒకపరి రాళ్లెత్తి బెదరించిరి, మరియొకపరి అతని గడ్డపు వెండ్రుకలు పీకి వినోదించిరి. ఆ మిషను పట్టుమని పదునైదు రోజులైన నిలువలేదు. మాథ్యూస్ మరల ఓడ యెక్కెను. మరుసటి సంవత్సరము మార్చిలో జెమ్మీ బటన్ ఒక చిన్న దోనెలో ఎదురు వచ్చెను. జుట్టు పెరిగి, చిక్కి శల్యమై, నడుమున తోలుముక్క తప్ప మరేమియు లేదు. కెప్టెనుతో భోజనమునకు కూర్చుండినప్పుడు మాత్రము కత్తి, ముల్లు ఏమాత్రము మరువలేదు. ఇంగ్లండునకు వత్తువా యని అడిగిరి. రానని చెప్పెను; అతనికి పెండ్లి యైనది. తాను స్వయముగా చేసిన రెండు ఈటెమొనలు డార్విన్‌కు బహుమానముగా ఇచ్చెను. వాల్థమ్‌స్టో పంతులుగారికి ఒక విల్లును, అమ్ములపొదిని పంపెను. ఓడ కదలినప్పుడు ఒడ్డున మంట వెలిగించి వీడ్కోలు చెప్పెను.

గురువునకు విల్లంబులు పంపినవాడు ఏమియు నేర్వలేదనుట న్యాయమా? కాని డార్విన్‌కు ఆనాడు తట్టినది వేరు. ఆ జాతిని మార్చుట మానవసాధ్యము కాదని అతడు నిశ్చయించుకొనెను. ఈ నిశ్చయమును మనస్సున పెట్టుకొనియే అతడు పసిఫిక్ సముద్రములో ప్రవేశించెను.

1835 నవంబరు 15వ తేదీన ఓడ తాహితి ద్వీపమున మతవాయి అఖాతమున లంగరు వేసెను. ఓడలో ఆదివారము, ఒడ్డున సోమవారము! లండన్ మిషనరీ సొసైటీవారు 1797లో తూర్పుదిక్కుగా ప్రయాణించి ఈ ద్వీపము చేరినందున వారి పంచాంగము ఒక దినము ముందుండెను. బీగిల్ పడమటిదిక్కుగా వచ్చినది. ఇది డార్విన్ అదృష్టమే యని చెప్పవలెను. ఒడ్డున ఆదివారమే యైనచో ఒక్క దోనెయు నీట దిగెడిది కాదు. అక్కడి శాసనము అట్టిది. సోమవారమగుటచేత దోనెలు గుంపులు గుంపులుగా వచ్చి చుట్టుకొనెను. ఒడ్డు దిగినవెంటనే జనులు అతిథులను ఆ ప్రాంతపు మిషనరీ విల్సన్ గారి యింటికి నడిపించుకొనిపోయిరి.

తాహితిని గూర్చి డార్విన్ మూడు పుస్తకములు చదివి వచ్చెను. అందొకటి ఓటో ఫాన్ కొట్జబూ అను రష్యను నావికునిది. 1824లో ద్వీపమును దర్శించిన కొట్జబూ మిషనరీలను తీవ్రముగా నిందించెను. ఆటపాటలు మాన్పించిరి, వేణువు మ్రోగనీయరు, నాట్యము చేయనీయరు. నవ్వుచు తుళ్లుచు నుండెడి జాతిని జపములతో, భయముతో నింపిరి అని ఆయన ఆరోపణ. డార్విన్ ఒడ్డు దిగునప్పుడు దిగులు ముఖములనే చూడబోవుచున్నానని తలచెను. చూచినది నవ్వు ముఖములను. వెంటనే కొట్జబూ మాట తప్పని తీర్పు చేయలేదు; నాలుగు దినములు ఆగెను. ఆ ఆగుటలోనే అతని గొప్పతనము కలదు.

ఆ నాలుగు దినములలో అతడు ఇద్దరు తాహితీయులను దారిచూపువారినిగా తీసికొని కొండలలోనికి పోయెను. లోయ యిరుకైనది, రెండు ప్రక్కల నిలువుగోడల వంటి కొండలు. సాయంకాలమునకు ఆ యిద్దరు అరటియాకులతో ఒక గుడిసె కట్టిరి. కఱ్ఱను కఱ్ఱతో రాచి నిప్పు చేసిరి. రాళ్లు కాల్చి, మాంసము, చేప, అరటిపండ్లు ఆకులలో పొట్లములు కట్టి ఆ రాళ్ల నడుమ ఉడికించిరి. నోటపెట్టుటకు ముందు ఇద్దరును చిన్న ప్రార్థన చెప్పుకొనిరి. నిద్రపోవునప్పుడు పెద్దవాడు మోకాళ్లపై నిలిచి, కన్నులు మూసి, తన భాషలో చాలసేపు ప్రార్థించెను. మిషనరీ కన్ను వారిపై లేదు. మెప్పు పొందుటకు అక్కడ ఎవరును లేరు; డార్విన్ ఒక్కడున్నను అతనికి ఆ భాష రాదు. మిషనరీ చూచుచున్నప్పుడే వీరు జపము చేయుదురని వ్రాసిన యాత్రికులు ఆ రాత్రి ఆ కొండపై తనతో పండుకొనియుండవలసినదని డార్విన్ తన గ్రంథమున ఎత్తిపొడిచెను.

అదే యాత్రలో మరియొక ముచ్చట జరిగినది. డార్విన్ తన సీసాలోని సారాయి కొంచెము వారికి ఇయ్యబోయెను. వలదనుటకు మనసు రాలేదు. త్రాగుటకు ధైర్యము చాలలేదు. కొంచెము కొంచెముగా త్రాగుచు, త్రాగినప్పుడెల్ల నోటికి వ్రేలు అడ్డముపెట్టి, మెల్లగా ‘మిషనరీ’ అనిరట! డార్విన్ దీనిని నవ్వుచు వ్రాసెను. నాకు మాత్రము ఈ రెండు దృశ్యములు ప్రక్కప్రక్కన ఉండవలసినవే యనిపించును. ప్రార్థన మనస్సులోనికి దిగినది. ఆ వ్రేలు చూడగా భయమును దిగినది. కొట్జబూ ఒకదానిని చూచెను. డార్విన్ రెండింటిని వ్రాసి, ఒకదానికే విలువ కట్టెను.

డార్విన్ వాదము ఇట్లుండెను. మిషనరీలను నిందించువారు తాహితిని క్రీస్తు బోధించిన పరిపూర్ణ ధర్మముతో పోల్చి చూచుచున్నారు. ఇరువది యేండ్ల క్రిందటి తాహితితో పోల్చి చూడరు. నరబలులు, శిశుహత్యలు, ఆబాలవృద్ధులను విడువని యుద్ధములు పోయినవి. ఓడ పగిలి తెలియని తీరమున పడబోవు నావికుడు, మిషనరీ బోధ అచ్చటికి చేరియుండవలెనని దేవుని వేడుకొనడా? ఇది బలమైన వాదమే. ఐతే ఇందు పోలిక కోరిన దేదియు నావికుని క్షేమము దృష్ట్యా తూచబడినదని గమనింపవలెను.

నవంబరు 26న తాహితి విడిచి, డిసెంబరు 21న న్యూజీలాండు ఉత్తర భాగమున బే ఆఫ్ ఐలండ్స్ చేరిరి. ఇచ్చట అతని మనస్సు మొదటినుండియు క్రుంగియే యున్నది. ఇంటిమీద బెంగ పట్టుకొన్నది. కొరోరరేకా అను రేవుపల్లెలో తాగుబోతులైన తెల్లవారు, పరారియైన ఖైదీలు. మావోరీలను చూచిన తాహితీయుల సౌమ్యము కనబడలేదు. 23వ తేదీన, తీరమునకు పదునైదు మైళ్ల దూరమున నున్న వైమతే అను మిషను స్థావరమునకు బయలుదేరెను. దారి పొడవునను మనిషెత్తు ఫెర్ను పొదలతో నిండిన బయలు. ఇల్లు లేదు, చెట్టు లేదు. అట్టి దారిని నడచి నడచి, ఒక్కసారిగా ఇంగ్లీషు పల్లెటూరు కంటపడెను!

మూడు పెద్ద యిండ్లు. వాటిలో విలియమ్స్, డేవిస్, క్లార్క్ అను మిషనరీల కుటుంబములు. చుట్టును గోధుమ, బార్లీ చేలు, బంగాళాదుంపల మళ్లు. తోటలో ఆపిలు, బేరి, అంజూరము, ద్రాక్ష, దోస, చిక్కుడు. ఇంగ్లండు కంచెలకు వేయు గార్సు ముళ్లపొద సయితము అక్కడ నున్నది. ఓకు చెట్లును నాటియున్నారు. కొట్టము నడుమ ధాన్యము తూర్పారబట్టు యంత్రము, కమ్మరి కొలిమి, పందులు, కోళ్లు. వాగునకు అడ్డుకట్ట కట్టి నీటితో త్రిప్పు పిండిమర. ఆ మరలో ఒళ్లంతయు పిండితో తెల్లబడిన మావోరీ యువకుడు. సాయంకాలము మిషనరీల కుమారులును, మావోరీ పడుచువారును కలసి క్రికెట్టు ఆడుచుండిరి. ఈ మావోరీలలో కొందరు మిషనువారు బానిసత్వమునుండి విడిపించినవారు. రాత్రి విలియమ్స్ గారి యింట టీబల్ల చుట్టును పిల్లలు. క్రిస్మసు రెండు దినములలో నున్నది.

ఇంటిని విడిచి నాలుగేండ్లైన ఇంగ్లీషు యువకునకు ఆ టీబల్ల యెట్లుండెనో వేరుగ చెప్పనేల? మాంత్రికుడు కోలతో తాకినట్లు ఇదంతయు మొలచినదని అతడు పరవశించెను. మరునాడు మిషనరీలు అతనిని కౌరీ చెట్ల అడవికి తీసికొనిపోయిరి. ఒక మ్రాను చుట్టుకొలత ముప్పదియొక్క అడుగులుండెను. న్యూజీలాండు విడుచునప్పుడు ఆ దేశమున తనకు మంచిగా తోచిన చోటు వైమతే ఒక్కటియే యని వ్రాసికొనెను.

ఇక్కడ తాహితి కొండపైనున్న డార్విన్ లేడు. అక్కడ రెండు దినములు దేశీయులతో తిని, వారితో పండుకొని, వారిని పరీక్షించెను. ఇక్కడ మిషనరీ పెట్టిన భోజనము తిని, మిషనరీ చూపిన చేలు చూచి, మిషనరీ చెప్పిన మాట వినెను. పిండిమరలోని యువకుడు ఏమనుకొనుచున్నాడో అడుగుటకు వీలును లేదు. అడుగవలెనని తోచినట్లును లేదు. ఆ భూమి ఎవరిది, ఎట్లు వచ్చినది అను ప్రశ్న ఆ టీబల్ల దగ్గర పుట్టదు. నేనీ మాట డార్విన్‌ను తప్పుపట్టుటకు చెప్పుట లేదు. మనము కూడ పొరుగూరికి పోయి పెద్దయింటిలో దిగినప్పుడు ఆ యింటి పాలేరును పిలిచి అడుగుదుమా?

మాథ్యూస్ సంగతి మరువలేదు. ఊలాయాలో ఓడిపోయి మూడేండ్లపాటు ఓడలోనే తిరిగిన ఆ మిషనరీ, బే ఆఫ్ ఐలండ్స్‌లో దిగిపోయెను. అతని సోదరుడు ఆ దేశముననే మిషనరీగా నుండెను.

1836 జూన్ నెలలో కేప్‌టౌన్ విడిచిన పిమ్మట, ఫిట్జ్‌రాయ్, డార్విన్ కలసి ఒక లేఖ వ్రాసిరి. పసిఫిక్ మిషనరీలపై వచ్చుచున్న నిందలకు సమాధానముగా తాము తాహితిలోను, న్యూజీలాండులోను చూచినదానిని వివరించిరి. దక్షిణాఫ్రికాలోని యొక క్రైస్తవ పత్రిక దానిని ఆ సెప్టెంబరులో ప్రకటించెను. డార్విన్ పేరు రచయితగా పత్రిక కెక్కిన తొలి సందర్భములలో నిది యొకటి.

లేఖలోని సిరా యారకముందే తాహితి కథ మారసాగెను. 1836 చివర అచ్చటి ప్రొటెస్టెంటు మిషనరీ ప్రిచర్డ్ ప్రోద్బలముచేత ఇద్దరు ఫ్రెంచి కాథలిక్కు గురువులను ద్వీపమునుండి వెడలగొట్టిరి. ఆ నెపముపై ఫ్రెంచి యుద్ధనౌకలు వచ్చెను. 1842లో పొమరే రాణి రాజ్యము ఫ్రాన్సు సంరక్షణ క్రిందికి పోయెను. 1880లో పూర్తిగా ఫ్రెంచివారి వశమయ్యెను.

న్యూజీలాండు కథ మరింత చిక్కనైనది. 1840 ఫిబ్రవరి 6న వైతంగీ యొడంబడికపై మావోరీ నాయకులు చేవ్రాళ్లు చేసిరి. దానిని మావోరీ భాషలోనికి మార్చినవారు మిషనరీ హెన్రీ విలియమ్స్, ఆయన కుమారుడు. వైమతేలోని విలియమ్స్‌కు ఈ హెన్రీ అన్న. ఇంగ్లీషు ప్రతిలో సార్వభౌమాధికారము రాణికి చెందునని యున్నది. మావోరీ ప్రతిలో ఆ చోట ‘కావనతంగ’, అనగా గవర్నరు పరిపాలన, అను మాట వాడి, నాయకుల ‘రంగతీరతంగ’, అనగా వారి యధికారము, వారికే మిగులునని వ్రాసిరి. రెండు ప్రతులకు నడుమ పడిన ఈ యెడము నేటికిని ఆ దేశపు న్యాయస్థానములలోను, శాసనసభలోను వాదమునకు మూలమై యున్నది. విధి వింత యేమన, 1843 డిసెంబరులో ఆ దేశమునకు గవర్నరై వచ్చినవాడు ఫిట్జ్‌రాయే! అతిథిగా మెచ్చుకొన్న దేశమును ఏలవలసివచ్చెను. 1845లో హోనే హెకే అను నాయకుడు బ్రిటిషు జెండా కొయ్యను పదేపదే నరికించి యుద్ధమునకు తలపడెను. హెకే మిషను బడిలో చదివినవాడే. ఆ యుద్ధమున వైమతే బ్రిటిషు సైన్యమునకు విడిది యయ్యెను. క్రికెట్టు ఆడినచోట గుడారములు లేచెను. మిషనరీలు సంపాదించిన భూములపై రచ్చ జరిగి, హెన్రీ విలియమ్స్‌ను సొసైటీవారు 1849లో తొలగించి, 1854లో మరల తీసికొనిరి. ఫిట్జ్‌రాయ్ 1845లోనే పదవి పోగొట్టుకొనెను.

ఇక డార్విన్ ఏ యాశయు లేదని విడిచిన టియర్రా డెల్ ఫ్యూగో. 1851లో ఆలెన్ గార్డినర్ అను మిషనరీ, ఆయన వెంట వచ్చిన ఆరుగురు ఆ తీరమున ఆకలితో మరణించిరి. 1859 నవంబరు 6న ఊలాయాలో ప్రార్థన చేయుచున్న మిషను ఓడవారు ఎనమండ్రు హతులైరి, వంటవాడొకడే బ్రతికెను. జెమ్మీ బటన్‌పై నేరము మోపి విచారించిరి గాని రుజువు కాలేదు. ఇంత జరిగినను మిషనువారు విడువలేదు. థామస్ బ్రిడ్జెస్ అను యువకుడు ఆ జనుల యాగన్ భాషను బాల్యమునుండి నేర్చి, 1871లో ఉషుయాయాలో కాపురము పెట్టెను. ముప్పదిరెండు వేల మాటలతో నిఘంటువును కూర్చెను. దిగంబరులు, మాటాడుటయే సరిగా రానివారు అని డార్విన్ ఎవరిని గూర్చి తలచెనో, వారి భాష అది!

బీగిల్ ఓడలో అధికారియైన సలివన్ అప్పుడప్పుడు డార్విన్‌కు ఈ మిషను సమాచారము వ్రాయుచుండెను. డార్విన్ తన నాటి తీర్పు తప్పని ఒప్పుకొనెను. ప్రపంచములోని మిషనరీలందరు కూడినను ఇది సాధ్యము కాదనుకొంటినని చెప్పి, ఆ మిషనునకు చందా పంపసాగెను. అప్పటికి క్రైస్తవ మతముపై అతనికి విశ్వాసము లేదు. సిద్ధాంతమున విడిచినదానిని, ఫలము చూచి గౌరవించెను. జెమ్మీ బటన్ మనుమని పోషణకై పాత ఓడమిత్రులు చందా వేసికొనగా, డార్విన్ కూడ అందు చేరెను. ఆ బాలునకు పెట్టిన పేరు జేమ్స్ ఫిట్జ్‌రాయ్ బటన్.

1882లో డార్విన్ మరణించెను. రెండేండ్లకు అర్జెంటీనా నౌకలు ఉషుయాయా చేరినవెంటనే తట్టు వ్యాపించి, మిషను చుట్టును చేరియున్న యాగనులలో ఎందరో మడిసిరి. ఒకచోట చేర్చి కాపాడదలచిన యేర్పాటే వ్యాధికి దారి యయ్యెను. బ్రిడ్జెస్ నిఘంటువు 1933లో అచ్చయ్యెను. ఆ భాషను తల్లి యొడిలో నేర్చినవారిలో చివరిదైన క్రిస్టినా కాల్డెరోన్ చిలీ దేశమున 2022 ఫిబ్రవరిలో తొంబదిమూడేండ్ల వయసున కన్నుమూసెను. వైమతేలో 1832లో కట్టిన యిల్లు ఒకటి నేటికిని నిలిచియున్నది. యాత్రికులు వచ్చి చూచిపోవుచుందురు.